నీరు పెరగదన్న మాట

నదికి ఇవతలి ఒడ్డున ఆలివ్ చెట్లున్నాయి, అవతలి ఒడ్డున కోరంగి మడ అడవి ఉంది, ఈ రెండూ ఒకే నదికి ఎలా కుదిరాయని గవరయ్యకి అనుమానమే రావడం లేదు, ఎందుకంటే రేవులో పడవ మీద కూచుని బీడీ కోసం జేబులు తడుముకుంటున్న మనిషి పేరయ్య, ఆ పేరయ్య పోయి ఇరవై ఏళ్ళయింది, అంతటి వింత ఎదురుగా కూచుని ఉండగా చెట్ల సంగతి ఎవడికి కావాలి.

పేరయ్యకి వయసు పెరగలేదు. అదే ఇరవై ఆరేళ్ళ మొహం, అదే మట్టిరంగు సైనికుల చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన లాగు, కాళ్ళకి స్పెయిన్ దేశపు తాడు చెప్పులు. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఎంతసేపటికీ ఆగడం లేదు, కారిన నీళ్ళు పడవలో నిలవడమూ లేదు. గవరయ్య మాత్రం యాభై దాటిన మనిషిగానే ఉన్నాడు, మోకాళ్ళ నొప్పులతో సహా. కనీసం కలలోనైనా కాళ్ళు కుదురుగా ఉండకూడదా అని మనకి అనిపిస్తుంది గానీ, గవరయ్యకి అంత సుఖం రాసిపెట్టి లేదు.

"ఎక్కు బావా," అంటాడు పేరయ్య. "నీకోసమే ఆగేను. నీతో ఒక పనుంది."

గవరయ్య ఎక్కుతాడు, తెడ్డు అందుకుంటాడు, ఆ తెడ్డు ఎప్పుడో తన తండ్రి చెక్కినదని పట్టుకోగానే తెలుస్తుంది, అది స్పెయిన్ దాకా ఎలా వచ్చిందో అడగాలనుకుని మరిచిపోతాడు. పడవ కదులుతుంది, ఒడ్డు మీది ఆలివ్ చెట్లు ఒక్కొక్కటే వెనక్కి జరుగుతున్నాయి, ఎండ నిలువునా ఉంది కాని నీడలు ఎటు పడితే అటు పడుతున్నాయి.

పేరయ్య పరాయివాడు కాడు. గవరయ్య చెల్లెలు అచ్చియమ్మకి మొగుడు. ఇద్దరూ గోదావరి పాయల్లో పడవలు నడిపి పెరిగినవాళ్ళే, ఇద్దరూ కలిసే పొగ ఓడలో కళాసులుగా చేరారు, కొలిమి ముందు నిలబడి బొగ్గెయ్యడం వాళ్ళ పని. పందొమ్మిది వందల ముప్పై ఏడులో ఆ ఓడ గోధుమలు దింపడానికి బార్సిలోనా రేవులో ఆగింది. స్పెయిన్ దేశంలో అప్పుడు వాళ్ళలో వాళ్ళే రెండుగా చీలి కొట్టుకుంటున్నారు. ఒకవైపు జనం ఎన్నుకున్న ప్రభుత్వం, మరోవైపు దాని మీద తిరగబడ్డ సేనానులు. సేనానులకి జర్మనీ, ఇటలీ విమానాలిచ్చాయి. ప్రభుత్వం తరఫున నిలబడడానికి ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో, గనుల్లో తవ్వేవాళ్ళు, మిల్లుల్లో నేసేవాళ్ళు, బడిపంతుళ్ళు, ఎవరూ పిలవకుండానే వచ్చి సైన్యంలో చేరుతున్నారు. ఇవేవీ ఈ ఇద్దరికీ తెలియవు. వాళ్ళకి తెలిసిందల్లా, రొట్టెల కోసం వరసలో నించున్న ఆడవాళ్ళ మీద పట్టపగలు బాంబులు పడడం. పేరయ్య సాయంత్రం దాకా ఆ శవాలు మోశాడు, ఆ తర్వాత ఓడ ఎక్కనన్నాడు. పేరయ్యది పట్టుదల. గవరయ్యది భయం, బావని వదిలేసి ఒంటరిగా ఇంటికి వెళితే చెల్లెలికి ఏ మొహం చూపించాలని. అలా ఒకడు న్యాయం కోసం, ఒకడు చెల్లెలి కోసం తమది కాని యుద్ధంలో దిగారు.

ఇప్పుడు పడవ అడుగు వేడెక్కుతోంది. పలకల సందుల్లోంచి ఓడ కొలిమి ఎర్రగా కనిపిస్తోంది, కింద ఎవరో బొగ్గు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది, అయినా నీళ్ళు చల్లగానే ఉన్నాయి. మొలలోతు నీళ్ళలో నిలబడి కెప్టెన్ రీస్ పేర్లు పిలుస్తున్నాడు. రీస్ యుద్ధంలో వాళ్ళ దళపతి, వేల్స్ నుంచి వచ్చిన గని కూలీ, ముక్కు మీద ఎప్పటికీ పోని బొగ్గు మచ్చ ఉండేది, ఆ మచ్చ ఇప్పుడూ ఉంది. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు, అయినా ఇప్పుడు తమ పల్లెపాలెం కులపెద్ద గొంతుతో, సాగదీసుకుంటూ, ఒక్కో ఇంటిపేరూ తప్పు లేకుండా పిలుస్తున్నాడు. పిలిచిన ప్రతివాడూ ఎక్కడి నుంచో పలుకుతున్నాడు, బతికున్నవాళ్ళు ఒక ఒడ్డు నుంచి, పోయినవాళ్ళు ఇంకో ఒడ్డు నుంచి. పేరయ్య మెడ సాచి వింటున్నాడు. పట్టీ అయిపోతుంది. కెప్టెన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నీళ్ళలోనే నడుచుకుంటూ వెళ్ళిపోతాడు.

"సూసేవా," అంటాడు పేరయ్య. "బతికున్నోళ్ళలో లేను, సచ్చినోళ్ళలో లేను. నన్నెక్కడ కూకోబెట్టేవు బావా?"

గవరయ్య తెడ్డు వేస్తూనే ఉంటాడు. జవాబు అతనికి తెలుసు. తెలిసిన జవాబు చెప్పకుండా ఉండడంలో గవరయ్యని మించినవాడు ఆ తీరంలో లేడు, ఇరవై ఏళ్ళ అలవాటు మరి.

జరిగింది ఇదీ. ముప్పై ఎనిమిది వేసవిలో వాళ్ళ సైన్యం ఎబ్రో నది దాటి శత్రువు మీదికి వెళ్ళింది. దాటించడానికి పడవలు కావాలి, పడవలకి నదిని ఎరిగినవాళ్ళు కావాలి. దళంలో గని కూలీలు బోలెడుమంది, పడవ నడిపేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. కెప్టెన్ రీస్ గవరయ్యని పిలిచి రేవు అతనికి అప్పగించాడు. నీటి మాట నీదే, వెళ్ళమంటే వెళతారు, ఆగమంటే ఆగుతారు అన్నాడు. గవరయ్య జీవితంలో అంత గౌరవం అంతకుముందు ఎరగడు, తర్వాతా ఎరగడు. ఒడ్డున పుల్ల గుచ్చి, గంటకోసారి మణికట్టు దాకా నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి, వెళ్ళండి, ఆగండి అని చెప్పేవాడు. రెండో రోజు మిట్టమధ్యాహ్నం పేరయ్య వచ్చి, అవతలి ఒడ్డున గాయపడ్డవాళ్ళు ముగ్గురున్నారు, ఇంకో తడవ వెళ్ళొస్తాను, నీరెలా ఉంది అని అడిగాడు. గవరయ్య చూశాడు. గోదావరిలో వరద రావాలంటే ముందు రంగు మారుతుంది, ఎర్రనీరు తగులుతుంది, నురగ తెట్టు కడుతుంది, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తాయి, ఇవన్నీ వచ్చాకే ఏరు లేస్తుంది. ఇక్కడ నీరు తేటగా ఉంది, నురగ లేదు, ఒక్క ఆకు లేదు. పొద్దు వాలేదాకా పెరగదు, వెళ్ళు బావా అన్నాడు.

పెరిగింది. ఎగువన ఉన్న ఆనకట్టలు శత్రువు చేతిలో ఉన్నాయి, వాటి తలుపులు ఎత్తేశారు. ఆ నదికి ఆనకట్టలున్నాయని గవరయ్య వినకపోలేదు. కాని అతను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూసింది ధవళేశ్వరం ఆనకట్ట, దాని మీద నుంచి నీరు దానంతట అదే పొర్లి దిగుతుంది. ఎవడో కావాలని తలుపు తీసి ఏరుని మనుషుల మీదికి వదులుతాడని అతని ఊహకి అందలేదు. నురగ లేకుండా, రంగు లేకుండా, తేట నీరే గోడలా వచ్చింది. పేరయ్య అప్పటికే ముగ్గురినీ ఎక్కించుకుని నది నడుమ ఉన్నాడు. గవరయ్య ఒడ్డున నించుని చూశాడు.

సాయంత్రం కెప్టెన్ అడిగితే, తను చూడలేదని చెప్పాడు. అవతలే ఉండిపోయాడేమో, వేరే దళంతో కలిసిపోయాడేమో అన్నాడు. పేరయ్య జాడ తెలియదని కెప్టెన్ రాసుకున్నాడు. ఆ ఒక్క మాటా మోసుకుని గవరయ్య ఇంగ్లండు మీదుగా ఇంటికి వచ్చాడు, వచ్చి చెల్లెలికి అదే మాట చెప్పాడు. మేం విడిపోయాం, బావ బతికే ఉంటాడు, ఎప్పటికైనా వస్తాడు.

"దయ తలిచి సెప్పేననుకున్నాను," అంటాడు గవరయ్య ఇప్పుడు, తెడ్డు ఆపకుండా. "ఆశ ఉంటే బతుకుద్దని."

"దాని మీద దయా, నీ మీద దయా?" అంటాడు పేరయ్య.

పడవ ఇప్పుడు నదిలో లేదు, పల్లెపాలెం వీధి మధ్య నడుస్తోంది, రెండువైపులా తాటాకు ఇళ్ళు, గుమ్మాల్లో వలలు అల్లుతున్న ఆడవాళ్ళు. వాళ్ళు మాట్లాడుకోవడం గవరయ్యకి వినిపిస్తోంది, పేరయ్యకి కూడా వినిపించేటట్టుగానే మాట్లాడుకుంటున్నారు. రంగూన్ వెళ్ళినవాళ్ళు అక్కడి ఆడవాళ్ళని చేసుకుని ఉండిపోవడం ఆ పల్లెకి కొత్త కాదు, కాబట్టి పేరయ్యకి ఒక దొరసానిని కట్టబెట్టడానికి ఊరికి ఆట్టే రోజులు పట్టలేదు. ఏడాది తిరగకుండానే ఆ దొరసానికి పిల్లికళ్ళ పిల్లలు కూడా పుట్టారు. పేరయ్య అటూ ఇటూ తలతిప్పి చూస్తున్నాడు, వాళ్ళెవరూ అతన్ని చూడడం లేదు.

"ఎంతమందంట నాకు పిల్లలు?" అంటాడు.

"ముగ్గురు," అంటాడు గవరయ్య. "ఈమధ్య నలుగురన్నారు."

పేరయ్య నవ్వుతాడు, నవ్వుతుంటే నోట్లోంచి కూడా నీళ్ళు కారుతాయి. ఆ నవ్వు చూడలేక గవరయ్య తల దించుకుంటాడు. దించుకుని, అడగని సంగతి కూడా చెప్పేస్తాడు. అయిదేళ్ళు చూశాక సూరన్న అనే మంచివాడు, పెళ్ళాం పోయినవాడు, అచ్చియమ్మని చేసుకుంటానని వచ్చాడు. వాళ్ళలో మారుమనువు తప్పు కాదు, పెద్దలూ ఒప్పుకున్నారు. అచ్చియమ్మే ఒప్పుకోలేదు, నా మొగుడు బతికే ఉన్నాడని మా అన్న చెప్పాడు అంది. గవరయ్య ఆ పంచాయతీలోనే కూచుని ఉన్నాడు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెబితే తర్వాతి మాట కూడా చెప్పాలి, నీరు పెరగదని ఎవరు చెప్పారో చెప్పాలి. నోరెత్తలేదు. సూరన్న ఇంకో సంబంధం చేసుకున్నాడు, అచ్చియమ్మ బొట్టు చెరపకుండా, ఎండుచేపలు అమ్ముకుంటూ, ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ప్రతి ఆదివారం గవరయ్య ఈ వేళ చెప్పేస్తానని ఆ ఇంటికి వెళతాడు, అన్నం తిని తిరిగొస్తాడు.

ఇదంతా విని పేరయ్య కోప్పడతాడనుకుంటాడు. పేరయ్య కోప్పడడు, పడవ అంచు మీద ముందుకు వంగి కూచుంటాడు, చాలా పని ఉన్నవాడిలాగా. ఇళ్ళు పోయి మళ్ళీ నది వచ్చింది, ఒడ్లు దూరం జరిగాయి.

"నీరు పెరగదన్నావు. తప్పు సెప్పేవు, కాదనను," అంటాడు. "కాని నేను నీ మాట మీద ఆ దేశంలో దిగలేదు. అవతల ముగ్గురు పడున్నారు. పెరుగుద్దన్నా ఎల్లేవాణ్ణి."

గవరయ్యకి గుండె తేలికవుతుంది, తేలికవుతూనే అనుమానం కూడా వస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఎవరైనా ఈ మాట అంటే బాగుండునని అతనే కోరుకుంటున్నాడు. కోరుకున్న మాటే పేరయ్య నోట వస్తోందంటే, ఇది పేరయ్యో, తన నిద్రో. అదే అడుగుతాడు. నిజంగా నువ్వేనా, నన్ను క్షమించడానికే వచ్చావా అంటాడు.

"క్షమించడానికి నాకేం తీరిక," అంటాడు పేరయ్య. "నేనెవరినైనా అనుకో. నీ నిద్రే అనుకో. నాకు ఒకటే కావాలి. నేను తెడ్డు వదల్లేదు బావా. ముగ్గురు మనుషుల్ని ఎక్కించుకుని, ఆఖరుదాకా ఒడ్డుకేసి కొడతానే పోయాను. నువ్వు సూసేవు, నువ్వొక్కడివే సూసేవు. అది దాచేసి, నన్ను పెళ్ళాన్నొదిలేసినోణ్ణి చేసి వదిలేవు. నా సావు నాకిచ్చెయ్యి."

గవరయ్య నోరు తెరుస్తాడు. అప్పుడే నది లేస్తుంది. నురగ లేదు, ఎర్రనీరు లేదు, తేటగా, చప్పుడు లేకుండా, ఆలివ్ చెట్ల నడుముల దాకా, మడ చెట్ల తలల దాకా లేస్తుంది. ఒడ్డున జనం ఉన్నారు, రొట్టెల వరసలో నించున్న ఆడవాళ్ళు, వలలు అల్లే ఆడవాళ్ళు, బొగ్గు మచ్చ కెప్టెన్, వాళ్ళందరూ గవరయ్య వైపే చూస్తున్నారు, నీటి మాట చెబుతాడని. ఆ రోజు తర్వాత గవరయ్య నీటి మాట ఎవరికీ చెప్పలేదు. యాభైమూడు వరదకి లంకల వాళ్ళు ఇంటికొచ్చి అడిగినా, నాకు తెలీదు అని తలుపేసుకున్నాడు. ఇప్పుడు నిలబడతాడు. మోకాళ్ళు నొప్పిగానే ఉన్నాయి, అయినా నిలబడతాడు, పడవ ఊగుతుంటే కాళ్ళు వెడల్పుగా పెట్టి, పెరుగుతోంది, పైకెళ్ళండి అని చెబుతాడు, గొంతు వస్తుంది, వాళ్ళు వింటారు, వరస వరసే మెరక మీదికి కదులుతుంది.

తిరిగి చూస్తే పేరయ్య కూచున్న చోట ఎవరూ లేరు. గవరయ్య వెతకడు. వెతికి ప్రయోజనం లేదని అతనికి ఆ రోజే తెలుసు, ఆ తెలిసినదే కదా చెప్పాల్సింది. తెడ్డు తీసుకుని ఒడ్డుకేసి కొట్టడం మొదలెడతాడు. ఒడ్డు దూరం జరుగుతుంది, మళ్ళీ కొడతాడు, మళ్ళీ జరుగుతుంది, కొడుతూనే ఉంటాడు, చేతులు పడిపోతున్నా ఆపడు, అడుగున కొలిమి ఆరిపోయి పడవ చల్లబడుతుంది, నీళ్ళు అంచు దాటి లోపలికొచ్చి ముందు పాదాలకి, తర్వాత తెడ్డు పట్టిన చేతికి, మణికట్టు దాకా తగులుతాయి.

మణికట్టు దాకా నిజంగానే నీళ్ళు తగులుతున్నాయి. గవరయ్య కళ్ళు తెరిచాడు. అచ్చియమ్మ ఇంటి వసారాలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని ఒరిగినవాడు ఒరిగినట్టే నిద్రపోయాడు. బయట వాన పడుతోంది. తాటాకు కప్పు కారుతుంటే, కారే చోట అచ్చియమ్మ సత్తు గిన్నె పెట్టి వెళ్ళింది. మంచం మీద నుంచి వేలాడిన అతని కుడిచెయ్యి ఆ గిన్నెలో మునిగి ఉంది, తేట నీటిలో.

చెయ్యి తియ్యకుండానే చెల్లెల్ని పిలిచాడు. ఇలా వచ్చి కూకో అన్నాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురుగా కూచుంది. మొహం చూస్తే మళ్ళీ ఆగిపోతానని, గిన్నెలో నీళ్ళకేసి చూస్తూ మొదలెట్టాడు. రేవు సంగతి, కెప్టెన్ తనని నమ్మిన సంగతి, గోదావరిని చూసి ఎబ్రోని అంచనా వేసిన సంగతి, ఆనకట్ట తలుపుల సంగతి, ఒకటి తర్వాత ఒకటి చెప్పాడు. సూరన్న వచ్చిన రోజు నోరెత్తకపోవడం కూడా చెప్పాడు.

"నీరు పెరగదని నేనే సెప్పేను," అన్నాడు ఆఖర్న. "నేను ఎల్లమన్నాకే ఎల్లాడు. నా కళ్ళ ముందే పోయాడు. నీకు అబద్ధం సెప్పేను."

గిన్నెలో చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"గాయాలోళ్ళ కోసం ఎల్లాడా?"

"ముగ్గురు. ఎక్కించుకుని వత్తన్నాడు."

"నువ్వు సూసేవా?"

"సూసేను. తెడ్డు వదల్లేదు."

"అయితే దొరసాని లేదు," అంది అచ్చియమ్మ.

గవరయ్య ఇరవై ఏళ్ళలో ఆ మాట ఆమె నోట ఒక్కసారి కూడా వినలేదు. ఊరంతా అనుకున్నా ఆమె నమ్మలేదనే అనుకున్నాడు. లేదు, లేదు అని తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అచ్చియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే పోయిన మనిషి కోసం ఏడ్చినట్టు ఏడ్చింది, నేల మీద చేత్తో కొట్టుకుంటూ, పేరు పెట్టి పిలుచుకుంటూ. గవరయ్య దగ్గరికి జరగబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

కాసేపటికి లేచింది. గిన్నెలో నీళ్ళతోనే మొహం కడుక్కుంది, జుట్టు ముడేసుకుంది.

"నీ సంగతి తర్వాత సూత్తాను అన్నయ్యా," అంది.

వానలోకి దిగింది. ఎక్కడికని గవరయ్య అడగలేదు, చూస్తూనే ఉన్నాడు. దొరసాని మాట మొదట పుట్టించిన నూకాలమ్మ ఇల్లు వీధి మొదట్లోనే ఉంది. అచ్చియమ్మ ఆ గుమ్మం ముందు ఆగి, వలలు అల్లుతున్న ఆడవాళ్ళందరికీ వినపడేలా, నా మొగుడు ఏట్లో పోయాడు, మనుషుల్ని దాటిత్తా పోయాడు, ఇరవై ఏళ్ళయింది అని చెప్పింది. ఎవరో ఏదో అన్నారు, వానలో వినపడలేదు. ఆమె అక్కడ ఆగకుండా పక్క ఇంటికి నడిచింది, అక్కడా అదే మాట చెప్పింది. గవరయ్య తలకి తువ్వాలు చుట్టుకుని మంచం దిగాడు. ఎలా పోయాడని వాళ్ళు అడుగుతారు, నీరు పెరగదని చెప్పిందెవరో అడుగుతారు, అది అచ్చియమ్మ చేత చెప్పించకూడదు. చెల్లెలి వెనకాలే వానలో బయల్దేరాడు.